పాలిసేడా, స్టాకేడా, బ్లాక్‌హౌసా? కొయ్యతో కట్టిన కోటలకు ఏ మాట వాడాలి

ఇంగ్లీషు చరిత్ర పుస్తకాన్ని తెలుగు చేసేవాళ్ళకీ, యుద్ధాల సినిమాలకు సబ్‌టైటిల్స్ రాసేవాళ్ళకీ, చారిత్రక నవల మొదలుపెట్టినవాళ్ళకీ తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. పాలిసేడ్, స్టాకేడ్, బ్లాక్‌హౌస్, హోర్డింగ్, బ్రాటిస్, అబాటిస్... ఇవన్నీ కలపతో చేసిన రక్షణ కట్టడాలే. నిఘంటువు తెరిస్తే అన్నిటికీ ఇంచుమించు ఒకే అర్థం కనిపిస్తుంది. దాంతో ఏది వచ్చినా ‘చెక్కకోట’ అని రాసేసి ముందుకు పోతుంటాం. చదివేవాడికి మాత్రం పలకలతో చేసిన ఆటబొమ్మ లాంటిదేదో కళ్ళ ముందు మెదులుతుంది. ఫిరంగులకు ఎదురు నిలిచిన టేకు దుంగలు అక్కడ కనిపించవు.

నా లెక్క ముందే చెప్పేస్తాను. పాలిసేడ్ అంటే గోడ. స్టాకేడ్ అంటే ఆ గోడ చుట్టి ఉన్న చోటు మొత్తం. బ్లాక్‌హౌస్ అంటే కప్పున్న కట్టడం. హోర్డింగ్ అంటే రాతికోట గోడ నెత్తిన తగిలించే కొయ్య వసారా. ఇంగ్లీషు రచయితలు కూడా వీటిని కలిపేస్తుంటారు కాబట్టి మూలంలో ఉన్న మాటను మాత్రమే నమ్ముకుంటే కుదరదు. మూలంలోని వర్ణన చూడాలి. దుంగలు నిలువుగా పాతారా, అడ్డంగా పేర్చారా? లోపల మనుషులు మకాం ఉన్నారా, లేక అది కేవలం అడ్డుగోడేనా? కథ ఏ దేశంలో, ఏ కాలంలో జరుగుతోంది? వీటికి జవాబు దొరికితే మాట దానంతటదే తేలుతుంది.

పాలిసేడ్: పాతిన గుంజల వరుస

లాటిన్‌లో ‘పాలుస్’ అంటే నేలలో పాతే గుంజ. దాని నుంచి దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్సాల్ భాషలో ‘పలిస్సాద’, అక్కడి నుంచి ఫ్రెంచిలో ‘పాలిస్సాద్’, 1600 ప్రాంతంలో ఇంగ్లీషులోకి పాలిసేడ్. ఇంగ్లీషులో కంచె కర్రను ‘పేల్’ అనడం, మనిషిని కొరత వెయ్యడాన్ని ‘ఇంపేల్’ అనడం కూడా ఈ గుంజ సంతతే. ఐర్లండ్‌లో ఇంగ్లీషు రాజుల ఏలుబడి గట్టిగా సాగిన ప్రాంతానికి ‘పేల్’ అన్న పేరు కూడా ఇక్కడిదే.

ఈ కుటుంబంలో ఇంకో సభ్యుడు ఉన్నాడు. మూడు గుంజలతో చేసిన చిత్రహింస సాధనాన్ని లాటిన్‌లో ‘త్రిపాలియుమ్’ అనేవారు. అది ఫ్రెంచిలో కష్టం, పని అనే అర్థాలు తెచ్చుకుని, ఇంగ్లీషులో ‘ట్రావెల్’ అయింది. రాత్రంతా ట్రావెల్స్ బస్సులో పై బెర్తు మీద దొర్లుకుంటూ హైదరాబాదు నుంచి శ్రీకాకుళం పోయినవాళ్ళకు ఈ సంగతి పెద్ద వింతగా అనిపించకపోవచ్చు.

పాలిసేడ్ రూపం తేలికగానే ఊహించుకోవచ్చు. దుంగల పై కొసలు చెక్కి మొన చేస్తారు. నేలలో కందకం తవ్వి, దుంగలను పక్కపక్కనే నిలబెట్టి, మట్టి పోసి దిమ్మిస చేస్తారు. లోపలివైపు అడ్డకర్రలతో కలిపి కడతారు. దుంగల మధ్య సందులుంటే అవి బాణాలకో తుపాకులకో పనికొస్తాయి. అంతే. దానికి కప్పు ఉండదు, లోపల గదులు ఉండవు. కొన్నిచోట్ల అది ఊరి చుట్టూ కట్టుకున్నది కూడా కాదు. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కాలంలో (117–138) ఇప్పటి జర్మనీలో సామ్రాజ్యపు సరిహద్దు వెంబడి ఓక్ దుంగలతో పాలిసేడ్ నిలబెట్టారు. దాన్ని ‘కోట’ అంటే అర్థమే మారిపోతుంది. అది వందల కిలోమీటర్ల సరిహద్దు గోడ. కోటలు దాని వెనక వేరుగా ఉన్నాయి.

ఇంగ్లీషులో ‘వాల్’ అన్న మామూలు మాట కూడా మొదట కొయ్యదే. లాటిన్‌లో ‘వల్లుస్’ అంటే గుంజ, ‘వల్లుమ్’ అంటే గుంజలు నాటిన కట్ట. రోమన్ సైనికులు మకాం చేసిన ప్రతిచోటా కందకం తవ్వి, ఆ మట్టితో కట్ట పోసి, తాము మోసుకొచ్చిన గుంజలు దాని మీద పాతేవారు. ఆ వల్లుమే ఇంగ్లీషు నోట ‘వాల్’ అయింది. షేర్‌మార్కెట్ పేరు చెప్పగానే గుర్తొచ్చే న్యూయార్క్ వాల్ స్ట్రీట్ ఆ పేరు తెచ్చుకున్నది కూడా కొయ్యగోడ నుంచే. డచ్చివారు 1653లో తమ ఊరికి ఉత్తరాన ఆ గోడ కట్టుకున్నారు, ఇంగ్లీషువారు 1699లో పీకేశారు. గోడ పోయింది, వీధి మిగిలింది.

మరి దీనికి తెలుగులో ఏం రాయాలి? ‘కంచె’ అంటే చేను గుర్తొస్తుంది. ‘దడి’ ఇంకా పలచన. తాటాకు దడి, వెదురు దడి అంటాం తప్ప ఫిరంగి గుండుకు ఎదురు నిలిచేదాన్ని దడి అనం. ‘ప్రహరీ’ అనగానే సిమెంటు, ఇటుక. ‘ప్రాకారం’ మంచి మాటే కానీ ఇప్పటి పాఠకుడికి గుడి ప్రాకారమే ముందు తడుతుంది. నేనైతే ‘గుంజల గోడ’ అంటాను. దుంగలు లావుగా ఉన్నాయని మూలం చెబితే ‘దుంగల గోడ’. ఇంటర్మీడియెట్ బాటనీ తెలుగులో చదివినవాళ్ళకు ఆకు లోపల నిలువుగా బారులు తీరిన కణాలను ‘స్తంభ మృదుకణజాలం’ అనడం గుర్తుండే ఉంటుంది. ఇంగ్లీషులో అది పాలిసేడ్ పేరెంకైమా. ఆ పాఠ్యపుస్తకం రాసినవాళ్ళు పాలిసేడ్‌లో ముఖ్యమైన లక్షణం నిలువుగా పక్కపక్కన నిలబడటమేనని సరిగ్గా పట్టుకున్నారు. ‘గుంజల గోడ’లోనూ అదే ఉంది.

పాటలీపుత్రం దగ్గర కాస్త ఆగాలి

మన దేశంలో పాలిసేడ్ అనగానే చరిత్రకారులు ముందు ఎత్తే పేరు పాటలీపుత్రం. మౌర్యుల కొలువుకు వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీస్ చెప్పినదాన్ని తర్వాతి గ్రీకు రచయితలు స్ట్రాబో, అరియన్ తమ గ్రంథాల్లో ఎక్కించారు. ఊరు 80 స్టేడియాల (ఇది గ్రీకుల దూరపు కొలత) పొడవు, 15 స్టేడియాల వెడల్పు. చుట్టూ కొయ్య గోడ, బాణాలు వెయ్యడానికి దానికి కంతలు, బయట అగడ్త. అరియన్ లెక్కలో 570 బురుజులు, 64 ద్వారాలు. ఏటి ఒడ్డున ఉన్న ఊళ్ళకు కొయ్య వాడతారని, మెరక మీది ఊళ్ళకు ఇటుక, మట్టి వాడతారని, వానలకూ వరదలకూ ఇటుక నిలవదు కాబట్టే ఇలా చేస్తారని కారణం కూడా అరియనే రాశాడు.

ఈ లెక్కలన్నీ యథాతథంగా నమ్మాలా అన్నది వేరే సంగతి. గోడ మాత్రం నిజం. పట్నాలోని బులందీబాగ్ దగ్గర 1920లలో తవ్వినప్పుడు సాల వృక్షపు దుంగలు బయటపడ్డాయి. అవి ఒక వరుస కాదు. రెండు వరుసల్లో నిలువు దుంగలు, మధ్యలో మనిషి నడిచేంత జాగా, అడుగున పరిచిన దిమ్మెలు. పురావస్తు పుస్తకాలు దీన్ని పాలిసేడ్ అనే అంటున్నాయి. అయినా తెలుగులో దీనికి ‘గుంజల గోడ’ చాలదని నా అభిప్రాయం. ఇది రాజధానికి కట్టిన జంట గోడ. ఇక్కడ ‘కొయ్య ప్రాకారం’ అనడమే సబబు. రాజు, నగరం, బురుజులు, అగడ్త అన్నీ ఉన్నచోట ప్రాకారం అన్న మాటకు గుడి వాసన తగ్గి పాత గౌరవం తిరిగొస్తుంది.

ఇక్కడే ఒక తమాషా ఉంది. మౌర్యుల రాజధాని చుట్టూ కొయ్యగోడ ఉంటే, మౌర్యుల మంత్రిగా మనం చెప్పుకునే కౌటిల్యుడి పేరున్న అర్థశాస్త్రం మాత్రం కొయ్యతో ప్రాకారం కట్టనే కట్టొద్దంటుంది. రెండో అధికరణం, మూడో అధ్యాయంలో చెప్పిన కారణం ఒక్కటే: కొయ్యలో అగ్ని పొంచి ఉంటుంది. సీజర్ దీన్నే ఇంకో వైపు నుంచి చూశాడు. క్రీ.పూ. 52లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని అవరికుమ్ ఊరి ముట్టడి గురించి రాస్తూ, గాల్ జాతివాళ్ళు దుంగలూ రాళ్ళూ కలిపి కట్టిన గోడను మెచ్చుకున్నాడు. రాయి ఉంది కాబట్టి నిప్పు అంటుకోదు, దుంగలు లోపల అల్లుకుని ఉన్నాయి కాబట్టి గోడలు పొడిచే యంత్రానికి పగలదు. ఇలాంటి కలగలుపు గోడను పాలిసేడ్ అనకూడదు. దానికి ‘మూరుస్ గాలికుస్’ అని లాటిన్ పేరే స్థిరపడింది. తెలుగులో ‘దుంగలు చొప్పించిన రాతిగోడ’ అని ఒకసారి వివరించి, తర్వాత ‘గాల్ గోడ’ అంటే సరిపోతుంది.

స్టాకేడ్: లోపల జనం ఉన్నది

స్పానిష్‌లో ‘ఎస్తాక’ అంటే గుంజ, ‘ఎస్తకాద’ అంటే గుంజలతో చుట్టిన చోటు. అది ఫ్రెంచి గుండా వచ్చి 17వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషులో స్టాకేడ్ అయింది. ఎస్తాక అన్న మాట స్పానిష్‌కు జర్మానిక్ భాషల నుంచి వచ్చింది. ఇంగ్లీషు ‘స్టేక్’ దానికి చుట్టమే. అంటే పాలిసేడ్, స్టాకేడ్ రెండూ గుంజ నుంచే పుట్టాయి, ఒకటి లాటిన్ ఇంట, ఇంకొకటి జర్మానిక్ ఇంట. పుట్టుకలో తేడా లేదు. వాడుకలో మాత్రం దారులు వేరయ్యాయి. స్టాకేడ్‌లో మనుషులు ఉంటారు, దాన్ని పట్టుకుంటారు, అప్పగిస్తారు.

1754 జులైలో అమెరికా అడవుల్లో 22 ఏళ్ళ జార్జ్ వాషింగ్టన్ ఫ్రెంచివాళ్ళకు లొంగిపోయిన ఫోర్ట్ నెసెసిటీ ఇలాంటిదే. ఓక్ దుంగలు చీల్చి గుండ్రంగా పాతిన చిన్న ఆవరణ, మధ్యలో సామాన్లు పెట్టుకోవడానికి ఒక గుడిసె. అడవి అంచు తుపాకీ దూరంలోనే ఉండటంతో అది ఎందుకూ కొరగాకుండా పోయింది. దీనికి ‘కోట’ అన్న మాట పెద్దదైపోతుంది, ‘గోడ’ చాలదు. అందుకే స్టాకేడ్ అన్న మాట అవసరమైంది.

తెలుగువాళ్ళకు ఈ మాటతో నేరుగా సంబంధం ఉన్నది బర్మాలో. 1824 మే నెలలో రంగూన్ దిగిన ఈస్టిండియా కంపెనీ సైన్యంలో మద్రాసు నేటివ్ ఇన్‌ఫంట్రీ దళాలు చాలా ఉన్నాయి. మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలకు కొదవ లేదు. ఉత్తరాదిన సిపాయిని ‘తిలంగా’ అనడం వెనక ఉన్నది కూడా మనవాళ్ళే. ఆ సిపాయిలు రెండేళ్ళ పాటు తలపడ్డది రాతికోటలతో కాదు, బర్మావాళ్ళు అడవి అంచున రాత్రికి రాత్రి లేపిన స్టాకేడ్లతో. టేకు దుంగలు, వెదుళ్ళు, లోపల మనిషి దాక్కునే గోతులు. ఇరవాడి ఒడ్డున దనుబ్యూ దగ్గర బర్మా సేనాని మహా బందుల కట్టినది వీటన్నిటిలోకీ పెద్దది. ఏటి గట్టున మైలు దూరం సాగిన ఆ కోటకు 15 నుంచి 17 అడుగుల ఎత్తు టేకు దుంగలను సందు లేకుండా పాతారు. 1825 ఏప్రిల్ 1న బందుల అక్కడే చనిపోయాడు. మర్నాటికి కోట ఖాళీ.

దనుబ్యూ గురించి రాస్తూ ‘కంచె’ అంటే నవ్వులపాలవుతాం. ఇక్కడ నేను ఎంచుకునే మాట ‘కొయ్యకోట’. మట్టికోట, రాతికోట అన్న వరుసలో ఇమిడిపోతుంది, పలకడానికి బాగుంటుంది. కొయ్య అంటే కలప కూడా, పాతిన గుంజ కూడా. కాబట్టి మూలంలోని అర్థం రెండు విధాలా నిలుస్తుంది. ‘కట్టెకోట’ అనకపోవడానికి కారణం చెప్పనక్కర్లేదు. కట్టె అనగానే పొయ్యి, లేదా శ్మశానం. ‘చెక్కకోట’లో చెక్క అంటే కోసిన పలక. ఇక్కడ ఉన్నవి పలకలుగా కోయని దుంగలు. ‘కర్రకోట’ తెలంగాణ వైపు బాగానే నప్పుతుంది, ఎందుకంటే అక్కడ కలపను కర్ర అనే అంటారు. కోస్తా పాఠకుడికి అది చేతికర్ర దగ్గరే ఆగిపోతుంది. మీ పాఠకులు ఎక్కడివాళ్ళో మీకే తెలుసు.

స్టాకేడ్‌తో ఒక ప్రమాదం ఉంది. అమెరికా సైనికుల వాడుకలో స్టాకేడ్ అంటే మిలిటరీ జైలు. రెండో ప్రపంచయుద్ధం కథలో ఒక సిపాయి తాగి గొడవ చేస్తే వాణ్ణి స్టాకేడ్‌లో వేశారని ఉంటే అక్కడ దుంగలు వెతకొద్దు, వాణ్ణి జైల్లో వేశారంతే.

పేరుగా స్థిరపడినచోట దాని జోలికి పోవద్దు. ఆస్ట్రేలియాలోని బల్లారట్ దగ్గర 1854 డిసెంబరు 3 తెల్లవారుజామున బంగారం తవ్వుకునేవాళ్ళ తిరుగుబాటును సైన్యం అణిచివేసిన ఘటనను ‘యురేకా స్టాకేడ్’ అంటారు. గని తవ్వకాల్లో వాడే దిమ్మెలూ, తిరగేసిన బళ్ళూ కలిపి హడావిడిగా పేర్చిన అడ్డు అది. దాన్ని ‘యురేకా కొయ్యకోట’ అని రాస్తే ఎవరికీ తెలియదు, గూగుల్లో వెతికినా దొరకదు. ‘యురేకా స్టాకేడ్’ అనే ఉంచి, పక్కన ఒక్క వాక్యంలో అది ఎలాంటిదో చెబితే చాలు.

ఒకే పేరాలో పాలిసేడూ స్టాకేడూ రెండూ వచ్చినప్పుడు ఎలా అని చాలామందికి టెన్షన్. నిజానికి అదే తేలిక. ‘కొయ్యకోట చుట్టూ ఉన్న గుంజల గోడ’ అనేస్తే రెండూ తమ తమ చోట్ల కూర్చుంటాయి. చిక్కు వచ్చేది ఒక్కటే మాట వాడి, అది గోడో ఆవరణో చెప్పనప్పుడు. అప్పుడు క్రియ చూడండి. ఎక్కారు, దూకారు, పడగొట్టారు అని ఉంటే గోడ. చేరుకున్నారు, తలదాచుకున్నారు, ముట్టడించారు అని ఉంటే కోట.

బ్లాక్‌హౌస్: పేరు చూసి మోసపోకండి

దుంగల్ని అడ్డంగా ఒకదాని మీద ఒకటి పేర్చి, పై అంతస్తు కింది అంతస్తు కన్నా కాస్త బయటికి పొడుచుకొచ్చేలా కట్టి, అన్ని వైపులా తుపాకీ కంతలు పెట్టిన ఇల్లు. అమెరికా సరిహద్దు కథల్లో బ్లాక్‌హౌస్ అంటే ఇదే. ‘బ్లాక్’ అంటే దిమ్మె కదా, దిమ్మెలతో కట్టిన ఇల్లు కాబోలు అనుకుంటాం. డచ్, జర్మన్ భాషల నుంచి వచ్చిన ఈ మాటకు మొదట్లో ఉన్న అర్థం దారికి అడ్డుపడే ఇల్లు. రేవుకో వంతెనకో కాపలాగా విడిగా కట్టినది. దేనితో కట్టారన్నది దానికి పట్టింపు లేదు. ఎనిమిదో హెన్రీ 1539–40లో థేమ్స్ ఒడ్డున కట్టించిన ఐదు బ్లాక్‌హౌసులు ఇటుకవీ రాతివీ. దక్షిణాఫ్రికాలో డచ్చి సంతతివాళ్ళైన బోయర్లతో యుద్ధంలో బ్రిటిషువారు లేపిన సుమారు 8,000 బ్లాక్‌హౌసుల్లో చాలావాటికి రేకుల గోడలు, మధ్యలో కంకర.

కాబట్టి కొయ్య సంగతి మూలం స్పష్టంగా చెప్పేదాకా ‘దుంగల ఇల్లు’ అని రాయొద్దు. నాకు నచ్చే మాట ‘కాపలా బురుజు’. అమెరికా సందర్భమైతే ‘దుంగల బురుజు’ అనొచ్చు. అమెరికాలో తరచూ స్టాకేడ్ మూలల్లోనే ఈ బురుజులు ఉండేవి కాబట్టి కొయ్యకోటకు దుంగల బురుజు అతుకుతుంది కూడా.

హోర్డింగ్, దాని తోబుట్టువు బ్రాటిస్

అమీర్‌పేట చౌరస్తాలో హీరో బొమ్మ వేసిన హోర్డింగ్‌కూ మధ్యయుగపు కోటకూ ఏమిటి సంబంధం? పాత ఫ్రెంచిలో ‘హుర్డ్’ అంటే కోట గోడ పైఅంచున బయటివైపుకు వేలాడేలా తాత్కాలికంగా బిగించే కొయ్య వసారా. దాని అడుగు పలకల్లో కంతలుంటాయి. గోడ మొదట్లోకి చేరి తవ్వుతున్న శత్రువు నెత్తిన అక్కడి నుంచి రాళ్ళు వదులుతారు. యుద్ధం లేనప్పుడు ఊడదీసి దాచేస్తారు. ఈ మాటే ఇంగ్లీషులో, కడుతున్న ఇంటి చుట్టూ అడ్డంగా పెట్టే పలకల దడికి పేరైంది. ఆ పలకల మీద జనం పోస్టర్లు అంటించసాగారు. చివరికి పోస్టర్ కోసమే పలక నిలబెట్టడం మొదలైంది. నిధి అనే అర్థం ఉన్న ‘హోర్డ్’ వేరే మాట, దీనితో చుట్టరికం లేదు.

ఫ్రాన్స్‌లో కార్కసోన్ కోట మీద 19వ శతాబ్దపు పునరుద్ధరణ నమూనాలో కట్టిన హుర్డ్‌లను ఇప్పటికీ చూడొచ్చు. చాలా రాతికోటల గోడల పైభాగంలో చదరపు కంతలు వరుసగా కనిపిస్తాయి. హుర్డ్ దూలాలు దూర్చిన చోట్లు అవి.

తెలుగులో ‘హోర్డింగ్’ అని రాస్తే పాఠకుడు హీరో దగ్గరికే పోతాడు. ఇది ఒక్కటి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ లిప్యంతరీకరణ చెయ్యొద్దు. ‘కొయ్య వసారా’ అంటే చాలు. మొదటిసారి వచ్చినప్పుడు ‘కోట గోడ మీది కొయ్య వసారా’ అనండి.

బ్రాటిస్ కూడా దాదాపు ఇదే పని చేసే కొయ్య నిర్మాణం. పాత ఫ్రెంచి ‘బ్రెతెష్’ నుంచి వచ్చింది. కోటల కాలం పోయాక ఈ మాట గనుల్లోకి దిగింది. భూగర్భ బొగ్గుగనుల్లో గాలిని పని జరిగే చోటికి మళ్ళించడానికి కట్టే తెరను ఇప్పటికీ బ్రాటిస్ అంటారు. సింగరేణిలో కిందికి దిగి పనిచేసినవాళ్ళ ఇళ్ళలో అడిగి చూడండి, ఈ మాట విని ఉంటారు. స్కాట్లండ్‌లో ఇదే మాటను తప్పుగా చదవడం వల్ల ‘బార్టిజాన్’ పుట్టి, నవలాకారుడు వాల్టర్ స్కాట్ చేతిలో పడి ఇంగ్లీషంతా పాకింది. దాని అర్థం కోట మూలన వేలాడే చిన్న బురుజు. బ్రాటిస్‌కు కోట సందర్భంలో ‘కొయ్య వసారా’యే చాలు. బార్టిజాన్ సాధారణంగా రాతిది కాబట్టి ‘మూల బురుజు’.

మిగతావి త్వరగా

అబాటిస్: నరికిన చెట్లను కొమ్మలు శత్రువు వైపు ఉండేలా పడేసిన అడ్డు. ‘నరికి పడేసినది’ అనే ఫ్రెంచి మాట. తెలుగులో ‘కొమ్మల అడ్డు’ లేదా ‘నరికిన చెట్ల అడ్డు’. దీనికి కోట అన్న మాట కలపకండి.

జరీబా: సూడాన్ ఎడారి యుద్ధాల్లో వస్తుంది. అరబ్బీలో పశువుల దొడ్డి. ముళ్ళకంప చుట్టూ పేర్చి మధ్యలో సైన్యం రాత్రి మకాం చేసేది. ‘కంపకోట’ అచ్చంగా అతుకుతుంది. కంప సంగతి మనకు వేరే చెప్పాలా?

మోట్ అండ్ బెయిలీ: ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను జయించిన నార్మన్లు మట్టిదిబ్బ పోసి, దాని మీద కొయ్య బురుజు, కింద గుంజల గోడ చుట్టిన ఆవరణ కట్టేవారు. ‘దిబ్బకోట’ అంటే అందరికీ తెలుస్తుంది. ఇంగ్లీషులో అగడ్తను ‘మోట్’ అంటారు కాబట్టి దీన్ని అగడ్తగా అనువదించేవాళ్ళున్నారు. రెండు మాటలకూ పుట్టుక ఒకటే, ఇక్కడ మాత్రం దిబ్బ అనే.

స్థానిక పేరున్నప్పుడు

రష్యన్లు సైబీరియాలోకి పోతూ నదుల వెంట కట్టుకున్న కొయ్యకోటల్ని ‘ఆస్త్రోగ్’ అంటారు. క్రాస్నయార్స్క్ 1628లో, యకూత్స్క్ 1632లో, ఇర్కూత్స్క్ 1661లో అలా మొదలైనవే. తర్వాతి కాలంలో ఆస్త్రోగ్ అంటే జైలు అనే అర్థం వచ్చింది. అమెరికా స్టాకేడ్‌కు పట్టిన గతే దీనికీ పట్టింది. బయటివాళ్ళు లోపలికి రాకుండా కట్టిన గోడ లోపలివాళ్ళు బయటికి పోకుండా కూడా పనికొస్తుందని రెండు దేశాల్లోనూ తెలుసుకున్నారు. బ్రాత్స్క్ ఆస్త్రోగ్ బురుజు ఒకటి ఊడదీసి తెచ్చి మాస్కోలోని కొలోమెన్‌స్కొయెలో నిలబెట్టారు.

న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీల కోట ‘పా’ కూడా ఇలా సొంత పేరున్నదే. 1845 జులై 1న ఓహేయవై పా మీదికి ఉరికిన బ్రిటిషు సైనికులకు బయటి గుంజల వరుసకు కట్టిన నార చాపల వల్ల లోపల ఏముందో కనిపించలేదు. వెనక గట్టి దుంగల వరుస, దాని వెనక గోతుల్లో తుపాకులు. నిమిషాల్లో పదుల సంఖ్యలో కూలారు. ఇంగ్లీషు రచయితలు దీన్ని స్టాకేడ్ అనీ, పాలిసేడ్ అనీ, ‘పా’ అనీ ఒకే పుస్తకంలో మూడు విధాలా రాస్తారు. తెలుగులో కట్టడం మొత్తాన్ని ‘పా’ అనండి, దాని చుట్టూ ఉన్న వరుసల్ని ‘గుంజల గోడలు’ అనండి.

స్థానిక పేరు ఉంచాలా, తెలుగు చెయ్యాలా అన్నదానికి నేను పాటించే పద్ధతి ఇది. ఆ పేరు ఆ జనం తమ కోటకు తాము పెట్టుకున్నదైతే ఉంచుతాను. బయటివాళ్ళు రాసుకున్న సాధారణ నామమైతే తెలుగు చేస్తాను. బర్మావాళ్ళ కోటల్ని స్టాకేడ్ అన్నది ఇంగ్లీషువాళ్ళు. అందుకే అవి కొయ్యకోటలయ్యాయి.

మన పాత మాటలతో జాగ్రత్త

కొయ్యకోటకు ‘వనదుర్గం’ బాగుంటుందని కొందరికి తోస్తుంది. అది తప్పు. గిరిదుర్గం, జలదుర్గం, స్థలదుర్గం, వనదుర్గం అన్న విభజనలో వనదుర్గం అంటే అడవి రక్షణగా ఉన్న కోట. గోడ రాతిదైనా మట్టిదైనా ఫర్వాలేదు. మనుస్మృతి చెప్పే ఆరు దుర్గాల్లో ‘వార్క్షం’ కూడా చుట్టూ చెట్లున్నదే. దుంగలతో కట్టినదానికి సంస్కృతం కావాలనుకుంటే ‘దారుదుర్గం’ సరైనది. పద్యంలోనో పౌరాణిక సంభాషణలోనో బాగుంటుంది, వార్తాపత్రికలో ఎబ్బెట్టుగా ఉంటుంది.

అమరకోశంలో కోటగోడ పర్యాయపదాల వరుస ఇలా మొదలవుతుంది: ‘ప్రాకారో వరణః సాలః’. చెట్లలోనూ ఒక సాలం ఉంది, పాటలీపుత్రం తవ్వకాల్లో దొరికిన దుంగలు ఆ చెట్టువే. ఈ పోలిక చూసి ‘సాలం అంటే అసలు సాల దుంగల గోడే’ అని రాసెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. నిరూపణ లేకుండా మాటల పుట్టుక అల్లడం ఎంత తేలికో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. నవల్లో ఒక పండితుడి నోట పెట్టండి, వ్యాసంలో పెట్టకండి.

అలంగం (కోటగోడ), కొత్తళం (పెద్ద బురుజు), అగడ్త, బురుజు లాంటి తెలుగు కోట మాటలు కొయ్యకోటకు నప్పుతాయా అంటే, బురుజు, అగడ్త హాయిగా నప్పుతాయి. అలంగం, కొత్తళం అనగానే ఓరుగల్లు, గోల్కొండ స్థాయి కట్టడం తోస్తుంది. ఇరవై మంది సిపాయిలు తలదాచుకున్న దుంగల ఆవరణకు అలంగం అంటగట్టకండి. ఇక ఓరుగల్లులో కూడా బయటి కోట మట్టిదే, లోపలిది రాతిది. కాకతీయుల కథ రాస్తూ ఇంగ్లీషు నవలల ప్రభావంతో అక్కడ మొన చెక్కిన దుంగల వరుసలు దింపకుండా చూసుకోవాలి.

మాట ఎంచుకున్నాక చెట్టు పేరు కూడా ఒకసారి సరిచూసుకోండి. బర్మా అయితే టేకు, వెదురు. జర్మనీ, అమెరికా తూర్పు తీరం అయితే ఓక్. పట్నా అయితే సాలం. మూలంలో చెట్టు పేరు లేకపోతే ‘దుంగలు’ అని ఊరుకోవడమే మేలు. వర్ణన నిండుగా ఉంటుందని జర్మనీ సరిహద్దులో టేకు మానులు పాతిస్తే, చెట్ల సంగతి తెలిసిన పాఠకుడు మిగతా పుస్తకాన్ని కూడా నమ్మడు.